నల్ల తెర ముందు జాతీయగీతం

నాకు కోపం జల్ది వస్తది. ఇది దాసుకునే ముచ్చట కాదు, మా ఇంట్ల, స్కూల్ల అందరికి ఎరుకే. ఇరువై ఏండ్ల సంది చంద్రపూర్ బాబుపేట్‌ల ఒక మరాఠీ స్కూల్ల ఆటల టీచర్‌గ చేస్తున్న. అరువకుంటే ఆ పని నడువది. కానీ పోయినేడు ఎండలు ముదరకముందు ఒక శనివారం వచ్చిన కోపం తీరు వేరే. ఫుట్‌బాల్ చూపిస్తమని పైసలు తీసుకున్న ఒక యాప్ మీద మొదలయి, పోయి పోయి మా అన్న మీద పడ్డది. యాప్ మీది కోపం ఇంకా దిగలే. అన్న మీద పడ్డదాన్ని ఎనుకకు తీసుకునుడు ఎంత కష్టమయిందో గదే చెప్త.

మా బాపు మాజ్రి బొగ్గుగనిల పని చేసేటోడు. గని టీముల లెఫ్ట్ బ్యాక్ ఆడేటోడు. ఆదివారం వస్తే నన్ను సైకిల్ ముందటి రాడ్డు మీద, అన్నను ఎనుక క్యారియర్ మీద కూసోబెట్టుకొని మైదానానికి తీస్కపోయేది. ఆట అయిపోయినంక ఎవల మొఖం చూసినా పండ్లు, కండ్లే కనిపిస్తుండె, మిగిలిందంత బొగ్గు దుమ్ము. నేను ఆడుత అంటే అమ్మ వద్దన్నది. బాపు ఏం మాట్లాడకుంట ఒకనాడు భద్రావతి బజార్ల బూట్లు కొనుక్కొచ్చిండు. ఒక సైజు పెద్దగయినయి, ముందట గుడ్డ పేలికలు కుక్కి తొడిగిండు. ఆ బూట్లతోనే జిల్లా టీము దాక పోయిన. నాకు నౌకరి వచ్చింది గూడ గందుకే. అన్నకు ఆట అబ్బలే గని, చూసుడుల ఆయనను మించినోడు లేడు. ఏ ఆటగాడు ఏ కాలుతోని తంతడో నిద్రల లేపి అడిగినా చెప్తడు.

అప్పట్ల కేబుల్ ఒక్కటే ఉండె. నెలకొకసారి కేబులాయన తలుపు కొట్టేది, పైసలు తీస్కపోయేది. అండ్లనే వార్తలు, సీరియళ్ళు, ఫుట్‌బాల్, అన్ని. ఏ ఆట ఎక్కడొస్తదని ఎవలూ ఎవల్ని అడుగకపోయేది. ఇప్పుడు ఇంగ్లండోళ్ళ ఆట ఒక యాప్‌ల, స్పెయినోళ్ళది ఇంకోదాంట్ల, మన దేశం ఆట ఇయ్యాల ఒకదాంట్ల, రేపు ఏదాంట్లనో ఆ దేవునికి ఎరుక. ప్రతి సీజన్ మొదలయ్యేముందు అన్న మాజ్రి నుంచి ఫోన్ చేస్తడు.

"చెల్లె, ఈసారి ఏది తీసుకుందమే?"

"పోయినసారిదే ఉండనీ."

"దాంట్ల ఇప్పుడు ఫుట్‌బాల్ లేదు. అమ్ముకున్నరట. ఇంకోటి తీసుకోవాలె. గండ్ల ఫోన్ల చూసేటందుకు ఒక రేటు, టీవీల చూసేటందుకు ఒక రేటు, అడ్వర్టైజ్‌మెంట్లు లేకుంట ఒక రేటు."

"ఆ ఎక్కువ రేటుది తీసుకుంటే అడ్వర్టైజ్‌మెంట్లు రావా?"

"వస్తయట. తక్కువ వస్తయట."

ఇద్దరం నవ్వేటోళ్ళం. నవ్వుకుంటనే కట్టేటోళ్ళం. ఒకటే అకౌంటు, అన్న ఫోన్ నంబర్ మీద. ఆయన మాజ్రి క్వార్టర్ల చూస్తడు, నేను బాబుపేట్‌ల చూస్త. నా పెనిమిటికి ఆటల సోయి లేదు, మ్యాచ్ ఉన్ననాడు తన పాటికి తను తిని పక్కింటాయనతోని ముచ్చట పెట్టుకుంటడు. మ్యాచ్ నడుస్తుంటే అన్న, నేను ఫోన్‌ల ఒకల్నొకలం తిట్టుకుంట చూసేటోళ్ళం. గది మాకు మంచిగుండె.

నా స్కూల్ల ఆడపిల్లల టీము ఒకటి ఉన్నది. పద్నాలుగు మంది. ఆటో నడిపేటోళ్ళ పిల్లలు, కూరగాయలమ్మేటోళ్ళ పిల్లలు, ఒకామె నాయిన కరెంటు ప్లాంట్ల కాంట్రాక్టు కూలి. వీళ్ళకు మగ ఆటగాండ్ల పేర్లన్ని నోటికొస్తయి. ఆడోళ్ళ ఆట ఒక్కటి గూడ మొదటి నుంచి ఆఖరి దాక చూసినోళ్ళు లేరు. పోయినేడు మన ఆడోళ్ళ జట్టు పెద్ద పోటీకి అర్హత కోసం ఆడుతుందని తెలిసింది. శనివారం, మధ్యాహ్నం మూడున్నరకు. యాప్‌ల 'అన్ని మ్యాచులు లైవ్' అని పెద్ద అక్షరాలతోని పెట్టిన్రు. పెద్ద తెర మీద చూడనిచ్చే ప్లాను కావాలె గదా అని అన్న, నేను కలిసి ఉన్నదాన్నే పై రేటుకు మార్చుకున్నం. శుక్రవారం సాయంత్రం స్కూల్ ప్రొజెక్టర్‌కు నా ఫోన్ తగిలిచ్చి, యాప్‌ల ఫ్రీగ ఉండే పాత మ్యాచ్ ముక్క ఒకటి పెట్టి చూసిన. గోడ నిండ బొమ్మ వచ్చింది. పెయ్యి మీద సోయి లేకుంట సంబురపడ్డ.

శనివారం ఎనిమిదో తరగతి గదిల కిటికీలకు నల్ల బర్సాతి కవర్లు కట్టినం. పిల్లలు టీము బట్టలు తొడుక్కొని వచ్చిన్రు. మా గోల్‌కీపర్ పిల్ల శనివారం వాళ్ళమ్మతోని కూరగాయల బండి మీద ఉంటది, ఆనాడు స్కూల్ల పరీక్ష ఉన్నదని అబద్దం చెప్పి వచ్చింది. నేను అటుకుల చివడా, బత్తాయిలు తెచ్చిన.

మ్యాచ్ పెట్టంగనే మైదానం చప్పుడు గదంత నిండింది. బొమ్మ రాలే. గోడ మీద ఉత్త నలుపు.

"కాయ్ ఝాలం, మేడం?" ఏమయిందని మరాఠీల అడిగింది గోల్‌కీపర్ పిల్ల.

"ఏంగాలే. వైరు లూజున్నట్టుంది."

వైరు పీకిన, పెట్టిన. ఫోన్ బంద్ చేసిన, చాలు చేసిన. నలుపే. ఇంతల జాతీయగీతం మొదలయింది. ఒక పిల్ల లేచి నిలవడ్డది. దాన్ని చూసి ఇంకొకతె. అందరు నిలవడ్డరు, చేతులు కిందికి పెట్టుకొని, ఏమీ లేని గోడకెల్లి చూసుకుంట. నేను వైరు పట్టుకొని వంగి ఉన్నదాన్ని అట్లనే నిలవడ్డ. గీతం అయిపోయే దాక ఎవలూ కదలలే.

యాప్‌ల సాయం అడిగే కాడికి పోయిన. మీ సమస్య ఏందో ఎంచుకోమన్నది. బిల్లు, పాస్‌వర్డ్, కొత్త ఆఫర్లు. బొమ్మ వస్తలేదు అనేది అండ్ల లేదు. రాసి పంపిన. మీకు సాయపడుడు మాకు సంతోషం అని వచ్చింది. మళ్ళ రాసిన. మళ్ళ సంతోషం. మూడోసారి ఒక జవాబు వచ్చింది. ఆట బొమ్మను దొంగతనంగ రికార్డు చేయకుంట కాపాడే ఏర్పాటు మీ ప్రొజెక్టర్‌ల లేదు, గందుకే చప్పుడు తప్ప బొమ్మ రాదు అని. పాత ముక్కకు ఆ కాపలా లేదట, లైవ్‌కే ఉందట. కట్టేముందు గీ మాట ఎందుకు చెప్పలే? ఎవలో ఒకడు ఎక్కడనో దొంగ లింకుల అదే మ్యాచ్ పుక్యానికి చూస్తనే ఉండొచ్చు. పైసలు కట్టిన నేను, నా పద్నాలుగు మంది బడిపిల్లలు దొంగలమయినం.

ఇంక చేసేదేం లేక నా ఫోన్ కుర్చీ మీద నిలవెట్టిన. పొట్టోళ్ళు ముందల కూసున్నరు, పొడుగోళ్ళు ఎనుక నుంచి వంగిన్రు. మనోళ్ళు గోల్ కొట్టిన్రు. ముందటి ఐదుగురు గోల్ చూసిన్రు, ఎనుకటోళ్ళు ఆ ఐదుగురు ఎగురుడు చూసిన్రు. హెడ్‌మాస్టర్ సార్ తలుపు తీసి, "చీకట్ల ఏం చేస్తున్నరు మేడం? బొమ్మ లేనిదానికి రేడియో పెట్టుకుంటే సరిపోతుండె గదా" అనుకుంట పోయిండు.

రెండో సగం మొదలయిందో లేదో ఫోన్‌ల ఆట ఆగింది. ఈ అకౌంటును చాలా చోట్ల వాడుతున్నరు, మళ్ళ లాగిన్ కావాలె, ఓటీపీ పంపినం అని వచ్చింది. ఓటీపీ పోయింది అన్న ఫోన్‌కు. అన్న గనిల ఫిట్టర్. డ్యూటీల ఉన్నప్పుడు ఫోన్ లాకర్ల పెడ్తడు. ఎన్నిసార్లు చేసిననో నాకే ఎరుక లేదు, మోగుతనే ఉంది. పిల్లలు నా మొఖం చూసుకుంట కూసున్నరు. బత్తాయిలు ఒలుచుకున్నరు. కిటికీ బర్సాతి సందుల నుంచి ఎండ ఒక గీత లెక్క పడ్డది, అది నేల మీద జరుగుతనే ఉంది.

చివరికి నా ఫోన్ టింగుమన్నది. ఓటీపీ కాదు. నన్ను బయటికి నూకిన ఆ యాప్ నుంచే. 'అబ్బ, ఏం మ్యాచ్! భారత్ గెలిచింది. మీరు చూశారా?' కింద చప్పట్ల బొమ్మలు.

గోల్‌కీపర్ పిల్ల నా భుజం మీది నుంచి చదివింది. "గెలిచినమా మేడం?"

"గెలిచినం."

పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. ఎవలదో పుట్టినరోజుకు పోయి కొట్టినట్టు కొట్టిన్రు. బర్సాతి విప్పి మడత పెట్టిన్రు. పోయేముందు ఆ పిల్ల అడిగింది, "ఆఖరికి వాళ్ళు గోల్ కొట్టనీకి వస్తే మన కీపర్ లైన్ మీదనే ఉన్నదా, ముందటికి వచ్చిందా మేడం?"

"నాకేం తెలుసు బిడ్డా" అని చెప్పిన. టీచర్ అయినంక అంత చిన్నబోయిన మాట నేను ఎన్నడూ చెప్పలే.

సాయంత్రం ఆరింటికి అన్న ఫోన్ చేసిండు.

"ఏందే చెల్లె, గిన్ని సార్లు చేసినవ్? అందరు మంచిగున్నరా?"

"ఎవలికిచ్చినవ్ పాస్‌వర్డ్?"

"ఏం పాస్‌వర్డ్?"

"ఎవలికిచ్చినవ్ అంటున్న. నీ వర్క్‌షాప్ దోస్తులకు పంచినవ్ గదా? పిల్లలు చూసే ఒక్కనాడు, ఒక్క పూట ఆగకపోయినవా?"

"నేను షిఫ్ట్‌ల ఉంటి గదనే. పొద్దుగాల పోయినోన్ని, ఇప్పుడే వచ్చిన."

"నువ్వు ఉంటివి. నీ దోస్తులు చూస్తుండిరి. నువ్వెప్పుడూ గంతే. ఆట ఆడనీకి చాతకాలే, ఆడేటోళ్ళను చూడనియ్యవు. బాపు ఉంటే నీ మొఖం మీద ఉమ్మేసేటోడు."

"సరే" అన్నడు. ఫోన్ పెట్టేసిండు. నేను ఇంకా అనాలని ఉంటి. గది నా గురించి నాకే సిగ్గుపడే ముచ్చట. ఆ పూట నా కడుపుల ఇంకా మాటలు ఉండె.

వారం దాటినా అన్న ఫోన్ చేయలే. నేనూ చేయలే. ఇంగ్లండోళ్ళ మ్యాచ్ ఇంకో యాప్‌ల ఒక్కదాన్నే చూసిన, తిట్టుకునేటందుకు మనిషి లేక సగంల బంద్ చేసిన. ఆ తెల్లారి వదిన ఫోన్ చేసింది.

"ఏం మాటన్నవే మీ అన్నను? సక్కగ తింటలేడు."

జరిగిందంత చెప్పిన. వదిన విన్నది. విని ఒకటే మాట చెప్పింది. శుక్రవారం రాత్రి అన్న టీవీల నుంచి ఆ యాప్ తీసేసిండట, తన ఫోన్ల నుంచి గూడ తీసేసిండట. 'రేపు పిల్లలు చూస్తరు, మన ఇంట్ల ఎవలన్నా పొరపాటున పెడితే వాళ్ళకు బంద్ అయితది' అన్నడట. వదిన సీరియల్ చూడాలంటే గూడ వద్దన్నడట.



దాని తర్వాత నాలుగు రోజులకు యాప్ కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చేసి, లైన్ల పెట్టి వినిపిచ్చే పాట విని విని, రాసి రాసి పెట్టిన ఫిర్యాదుకు జవాబు. ఆ శనివారం మా సర్వర్లల గడబిడ అయింది, శాన మంది లాగిన్లు వాటంతటవే పోయినయి, చింతిస్తున్నం అని. మీ ఓపికకు మెచ్చి ఒక కూపన్ ఇస్తున్నం, మళ్ళ పైసలు కట్టేటప్పుడు వాడుకుంటే కొంచెం తగ్గుతది అని. నా ఓపికకు! ఫోన్ గోడకేసి కొడుదామనిపించింది. గోడ నాది, ఫోన్ నాది, వానికేం పోతది?

ఆదివారం పొద్దుగాల బస్సెక్కి భద్రావతిల దిగి, షేర్ ఆటో పట్టుకొని మాజ్రి పోయిన. తోవ పొడుగూత అన్నకు చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకున్న. తప్పంత ఆ కంపెనీది, వాళ్ళ లాభాల కోసం అన్నచెల్లెండ్ల నడుమ పంచాయితి పెట్టిన్రు అని. నిజం చెప్పాలంటే ఆ మాట తోవల నాకు శాన నచ్చింది.

అన్న క్వార్టర్ ముందట కూలర్ విప్పి, జాలీలకు పట్టిన ఉప్పు స్క్రూడ్రైవర్‌తోని గీకుతుండు. నన్ను చూసి, "వచ్చినవా" అని మళ్ళ గీకుడు మొదలువెట్టిండు. వదిన చాయ్ పెట్టనీకి లోపలికి పోయింది.

ఈమెయిల్ చదివి చూపెట్టిన. "చూసినవా అన్నా, వాళ్ళదే తప్పట. వాళ్ళే ఒప్పుకున్నరు. నేను గట్ల అనుడు వాళ్ళ వల్లనే..."

"ఆగు" అన్నడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టిండు. "బొమ్మ ఆపింది కంపెనోడు. పిల్లల్ని ఏడిపిచ్చింది కంపెనోడు. ఒప్పుకుంట. బాపు పేరు ఎవలు తీసిన్రు? కంపెనోడు తీసిండా?"

నేను ఫోన్ సంచిల పెట్టుకున్న.

"నాకు ఆట రాదని బాపు ఒక్కనాడు గూడ అనలే. నువ్వన్నవ్."

"తప్పయింది."

"యాభై ఏండ్లు రానీకొచ్చినయి. ఇప్పుడా అనేది?" అన్నడు. నేను చేతులు పట్టుకున్న, ఉప్పు గీకి గీకి గరుకుగున్నయి. విడిపిచ్చుకోలే. గంతనే. వదిన చాయ్ తెచ్చింది, ముగ్గురం తాగినం.

అంతల అన్న ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చింది. తీసి చూసి, "ఓరి వీని" అన్నడు. మూడు నెలల ప్లాను అయిపోయిందట, మళ్ళ మూడు నెలలకు బ్యాంకు నుంచి పైసలు కంపెనోడే కోసుకున్నడు. కూపన్ గూడ వాడలే. నేను ఎర్రగయి లేచిన. ఈసారి ఆయన గూడ లేచిండు. ఇద్దరం కలిసి నా ఫోన్‌ల ఓటీపీ కొట్టి, ఆ యాప్‌ల బంద్ చేసే కాడ ఎక్కడుందో ఎతికినం. దొరుకదు. ఒకదాంట్ల నుంచి ఒకదాంట్లకు పోతనే ఉన్నం. చివరికి దొరికింది. నొక్కితే, 'మీరు వెళ్ళిపోతుంటే బాధగా ఉంది. ఉండిపోతారా?' అని అడిగింది. కాదన్నం. 'నిజంగానేనా?' అన్నది. 'ఎందుకు వెళ్తున్నారో చెప్పండి' అన్నది.

"రాయనా?" అని అడిగిండు అన్న.

"రాయి."

మరాఠీల రెండు, తెలుగుల నాలుగు తిట్లు రాసిండు. వదిన పక్కల నిలవడి ఇంకోటి అందిచ్చింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను, టీచర్‌ను. పైసలయితే తిరిగి రాలే.

శ్రావణం వచ్చే నాటికి ఆడోళ్ళ ఆట ఇంకో యాప్‌కు పోయింది. పిల్లలు మళ్ళ అడిగిన్రు. నేను సీద హెడ్‌మాస్టర్ గదికి పోయిన. ఆయన గదిల పెద్ద టీవీ ఉంది, క్రికెట్ ఫైనల్ ఉన్ననాడు మగపిల్లలందర్ని అండ్లనే కూసోబెట్టిండు. గా మాటే అడిగిన.

"అది వేరే మేడం. అది దేశమంత చూసే ఆట."

"ఇది దేశం ఆడే ఆట సార్. ఆ అంగీ మీద గూడ మన దేశం పేరే ఉన్నది."

"పైసలు స్కూల్ ఫండ్ల నుంచి రావు."

"ఫండ్ అడుగలే. గది తాళం అడిగిన."

నా గొంతు వరండా దాక పోయినట్టుంది, ఇద్దరు ముగ్గురు టీచర్లు వచ్చి తలుపు కాడ నిలవడ్డరు. ఆయన తాళం బల్ల మీద పెట్టిండు, నా చేతికియ్యలే. నేనే తీసుకున్న.

కొత్త యాప్‌కు కట్టిన. కట్టుకుంట ఎంత మండిందో చెప్పలేను. మమ్ముల దొంగలన్నోళ్ళు పోయి ఇంకొకళ్ళు వచ్చిన్రు, వీళ్ళు రేపు ఏమంటరో! కట్టకుంటే పిల్లలు ఎన్నడూ చూడరు, గది తెలిసే గీ కంపెనోళ్ళు మన గల్లా పట్టుకుంటరు. అన్న ఆనాడు డ్యూటీ మార్పిచ్చుకొని మాజ్రి నుంచి వచ్చిండు, పిల్లల ఎనుక తలుపు కాడ స్టూల్ మీద కూసున్నడు.

బొమ్మ వచ్చింది. ఆట మొత్తం వచ్చింది, నడుమ నడుమ పాన్‌మసాలాలు, ఆన్‌లైన్ జూదాల అడ్వర్టైజ్‌మెంట్లు పిల్లల మొఖాల మీద కొట్టుకుంట. మనోళ్ళు మూడు గోల్సు తిని ఓడిపోయిన్రు. గెలిచిన మ్యాచ్ నాడు రాని అరుపులు ఓడినకాడ వచ్చినయి. రెఫరీని తిట్టిన్రు, మనోళ్ళనూ తిట్టిన్రు, అన్నతోని ఆఫ్‌సైడ్ మీద కొట్లాడిన్రు. ఆఫ్‌సైడ్ కాదని అన్న ఒక్కడు, అయిందని పద్నాలుగు మంది.

"ఆ మూడోది నేనైతే ఆపుదు మేడం" అన్నది గోల్‌కీపర్ పిల్ల.

"ఎట్ల ఆపుదువే?"

"ఆమె లైన్ మీదనే నిలవడ్డది. రెండడుగులు ముందటికి రావాలె. గిట్ల."

హెడ్‌మాస్టర్ కుర్చీ జరిపి, రెండు అల్మారీల నడుమ కాళ్ళు ఎడం చేసి, చేతులు చాపి నిలవడ్డది. అన్న బల్ల మీద ఉన్న డస్టర్ తీసి ఆమె ఎడమ దిక్కు ఇసిరిండు. దూకి పట్టుకున్నది.